సెల్ఫ్ 'టక్' మంటుంది, తిరగదు: పాత ట్రాక్టరు వైరింగులో తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి



ముంగారు తొలివాన పడి మంచి పదును దొరికిన రోజు అది. మాది ఎర్రనేల. పదును రెండు మూడు రోజులకు మించి నిలవదు. నవధాన్యాలకు బీజామృతం పట్టించి నీడలో ఆరబోశాం. కూలీలు వచ్చారు. గొర్రు తగిలించి తాళం తిప్పితే సెల్ఫ్ 'టక్' మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంది. మళ్లీ తిప్పితే మళ్లీ 'టక్'. అంతే.

బ్యాటరీ పోయిందన్నారు. టౌనుకు పోయి కొత్తది తెచ్చాను. అదే 'టక్'. సెల్ఫ్ మోటారు పోయిందన్నారు. విప్పి పట్టుకుపోతే బుష్‌లు, బ్రష్‌లు మార్చి ఇచ్చారు. బిగించాక ఒకసారి స్టార్ట్ అయింది, సాయంత్రానికి మళ్లీ మొదటికొచ్చింది. మూడో రోజు పక్కూరి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ఆయన దగ్గర ఉన్నవి ఒక బల్బు, రెండు లావు వైర్లు. లావు వైరు ఒక చివర బ్యాటరీ మైనస్‌కు, రెండో చివర ఇంజను బాడీకి గట్టిగా పట్టించి "ఇప్పుడు కొట్టు నాయనా" అన్నాడు. సెల్ఫ్ గిర్రున తిరిగింది. "బ్యాటరీ బాగుంది, సెల్ఫూ బాగుంది. మధ్యలో దారే బాగలేదు" అన్నాడు.

తప్పు ఎర్త్ పట్టీ దగ్గర ఉంది. అంతకు రెండేళ్ల ముందు బండికి రంగు వేయించాను. అప్పుడు పట్టీ విప్పి, రంగు వేశాక ఆ రంగు మీదే మళ్లీ బిగించారు. ఇన్నాళ్లూ బోల్టు మరల గుండా ఎలాగో పని నడిచింది. అక్కడ తుప్పు పట్టాక ఆ దారి కూడా మూసుకుపోయింది. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే పది నిమిషాల పని. నేను మాత్రం వేల రూపాయలు పోశాను. అంతకన్నా బాధ, అప్పటికి పైమన్ను ఎండిపోయింది. ఆ విత్తనంలో చాలా భాగం మొలవలేదు.

అందుకే ఈ పద్ధతి రాస్తున్నాను. చేసి చూపించడమంతా వీడియోలో ఉంది. కానీ పొలంలో బండి ఆగినప్పుడు మీటరు మీద ఎంత రావాలి అనే అంకెలు వీడియోలో వెతుక్కోవడం కష్టం. అవన్నీ ఇక్కడ వరసగా పెట్టాను.

పాత బండిలో కరెంటు పని ఎంత?

మాస్సీ 1035, మహీంద్రా బి-275, హెచ్‌ఎంటీ 2511 లాంటి పాత డీజిల్ ట్రాక్టర్లు మన ఊళ్లలో ఇంకా తిరుగుతున్నాయి. దుక్కి తగ్గించుకున్న మనలాంటి వాళ్లకు కొత్త పెద్ద బండి అవసరం కూడా లేదు. వీటిలో కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. ఇంజను ఒకసారి అందుకుంటే, నడవడానికి కరెంటే అక్కర్లేదు. డీజిల్ పంపు మెకానికల్, ఆపడానికి లాగే స్టాప్ నాబ్ కూడా మెకానికల్.

కరెంటు చేసే పనులు మూడే. ఒకటి, సెల్ఫ్ తిప్పడం. రెండు, బ్యాటరీని తిరిగి నింపడం. మూడు, లైట్లు, హారన్, ఇండికేటర్లు. మూడింటికీ దారులు వేరు. ముందు ఏ దారిలో తప్పుందో తేల్చుకుంటే సగం పని అయినట్టే.

ఇంకొకటి గుర్తు పెట్టుకోవాలి. కరెంటు బ్యాటరీ నుంచి బయల్దేరి వస్తువు దాకా పోతే చాలదు, తిరిగి బ్యాటరీకి చేరాలి. పోయే దారి వైరు. తిరిగొచ్చే దారి ఎక్కువగా బండి ఇనుమే. దాన్నే ఎర్త్ అంటాం. అందరూ వైరు చూస్తారు, ఇనుము సంగతి మర్చిపోతారు.

గేటు వాల్వు మూసి ప్రెషర్ చూస్తే ఏం తెలుస్తుంది?

డ్రిప్ ఉన్న రైతుకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఫిల్టరు దాటాక గేటు వాల్వు మూసి ఉంచి గేజీ చూస్తే ప్రెషర్ నిండుగా చూపిస్తుంది. వాల్వు తెరిచి నీళ్లు పారించినప్పుడు ప్రెషర్ పడిపోతే, ఫిల్టరు పూడుకుపోయిందని అప్పుడు తెలుస్తుంది.

వైరింగు కూడా అంతే. వోల్టేజి అంటే ప్రెషర్, ఆంపియర్లు అంటే పారకం. తుప్పు పట్టిన జాయింటు పూడుకుపోయిన ఫిల్టరు లాంటిది. ఏమీ పని చేయనప్పుడు మీటరు పెడితే అన్నిచోట్లా 12 వోల్టులు చూపిస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు, లైటు వెలుగుతున్నప్పుడు కొలిస్తేనే తప్పు బయటపడుతుంది.

చిన్న లెక్క. డీజిల్ ట్రాక్టరు సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. 200 ఆంపియర్లే అనుకుందాం. జాయింటు దగ్గర ఓంలో నూరో వంతు అడ్డు ఉంటే, 200ను 0.01తో గుణిస్తే 2 వోల్టులు అక్కడే పోతాయి. అదే అడ్డు 5 ఆంపియర్ల లైటు దారిలో ఉంటే పోయేది 0.05 వోల్టే. లైటు బాగా వెలుగుతుంటే బ్యాటరీ జాయింట్లన్నీ బాగున్నట్టు కాదని చెప్పేది అందుకే.

ముందు జాగ్రత్తలు

గేరు న్యూట్రల్‌లో, పీటీవో ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టండి. స్టాప్ నాబ్ లాగి ఉంచితే సెల్ఫ్ తిరిగినా ఇంజను అందుకోదు. సీటు మీద ఒక మనిషి కూర్చోవాలి. కొలిచే మనిషి చక్రాల ముందూ వెనకా నిలబడకూడదు, ఫ్యాన్‌కు, బెల్టుకు చేతులు దూరంగా ఉండాలి.

బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది, నిప్పు తగిలితే బ్యాటరీ పేలుతుంది. చేతి ఉంగరం, కడియం తీసెయ్యండి. యాసిడ్ మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరాలి.

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు ఎర్త్ వైరు తీయాలి. బిగించేటప్పుడు ఎర్త్ చివర్లో పెట్టాలి. ఎర్త్ తీసేస్తే స్పానరు పొరపాటున బాడీకి తగిలినా షార్ట్ కాదు.

మీ బండికి ఏది ఎర్త్ అన్నది కూడా ముందే చూసుకోండి. పాత లూకాస్ డైనమో బండ్లలో కొన్నిటికి బ్యాటరీ ప్లస్సే బాడీకి కలిపి ఉంటుంది. ఆ సంగతి తెలియక బ్యాటరీ తిరగేసి పెట్టినా, ఇంకో బండి నుంచి తప్పుగా జంపర్ ఇచ్చినా నష్టమే. తర్వాత ఆల్టర్నేటర్ బిగించిన బండి అయితే డయోడ్లు ఒక్క క్షణంలో కాలిపోతాయి. కింద రాసిందంతా మైనస్ ఎర్త్ బండికి. ప్లస్ ఎర్త్ బండి అయితే మీటరులో ముందు మైనస్ గుర్తు పడుతుంది, అంకెలు అవే.

కావలసిన సామాను

ఒక డిజిటల్ మల్టీమీటరు. 21 వాట్ల బ్రేకు లైటు బల్బు హోల్డరుకు రెండు మీటర్ల వైర్లు, చివర క్లిప్పులు పెట్టిన టెస్ట్ ల్యాంపు. అలాంటిదే ఇంకోటి 5 వాట్ల బల్బుతో. లావు జంపర్ కేబుల్. గరుకు కాగితం, వైరు బ్రష్, స్పానర్లు, వ్యాజిలిన్, ఇన్సులేషన్ టేపు, సరైన ఆంపియర్ల ఫ్యూజులు. ఇవన్నీ ఒక డబ్బాలో పెట్టి బండిలోనే ఉంచుకోండి.

ఏ వైరు విప్పినా ముందు ఫోనుతో ఫోటో తీసి, వైరుకు టేపు చుట్టి నంబరు వేయండి. లూకాస్ పద్ధతి బండ్లలో వైరు రంగులకు అర్థం ఉంటుంది. గోధుమ రంగు బ్యాటరీ నుంచి వచ్చే సప్లై, తెలుపు తాళం తర్వాతది, ఆకుపచ్చ ఫ్యూజు దాటినది, నీలం హెడ్‌లైట్, ఎరుపు చిన్న లైట్లు, నలుపు ఎర్త్. కానీ నలభై ఏళ్లలో ఎందరో చేతులు పెట్టిన బండి అది. రంగును నమ్మకండి, ల్యాంపును నమ్మండి.

1. 'టక్' మంటుంది, లేదా సెల్ఫ్ మూలుగుతూ తిరుగుతుంది

మీటరు డీసీ 20 వోల్టుల స్కేలులో పెట్టండి. సెల్ఫ్ ఒక్కోసారి ఐదు సెకన్లకు మించి కొట్టొద్దు. మధ్యలో ఒక నిమిషం ఆపండి.

మొదటి కొలత బ్యాటరీది. ఛార్జింగ్ ఆపి కొన్ని గంటలైన తర్వాత కొలవాలి. 12.6 దాటితే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం. 12 కన్నా తక్కువ ఉంటే ముందు ఛార్జింగ్ పెట్టండి. అది నిండకుండా మిగతా కొలతలు చేస్తే లెక్క తప్పుతుంది.

రెండో కొలత కూడా బ్యాటరీ మీదే, సెల్ఫ్ కొడుతూ. మీటరు పుల్లలు క్లాంపు మీద కాదు, మధ్యలో ఉన్న సీసం మొన మీద పెట్టాలి. 9.6 వోల్టుల కన్నా పైన నిలవాలి. నిండిన బ్యాటరీ కూడా ఏడు, ఎనిమిదికి పడిపోతే బ్యాటరీ పాడైంది, లేదా సెల్ఫ్ పట్టేసి అమితంగా లాగుతోంది. అలా కాకుండా 'టక్' మంటున్నా 12 దగ్గరే నిలబడి ఉంటే బ్యాటరీని మార్చకండి. పారకం అసలు జరగడం లేదన్నమాట. అడ్డు దారిలో ఉంది.

మూడో కొలత పోయే దారిది. ఒక పుల్ల బ్యాటరీ ప్లస్ మొన మీద, రెండోది సెల్ఫ్ మీద లావు వైరు బిగించిన బోల్టు మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి. 0.5 వోల్టు దాటకూడదు. దాటితే ఒక పుల్ల మొన మీదే ఉంచి, రెండోదాన్ని క్లాంపు, కేబుల్ చివర, సోలినాయిడ్ ఒక పక్క, రెండో పక్క, ఇలా ఒక్కో అడుగూ జరుపుకుంటూ పోండి. ఎక్కడ అంకె ఒక్కసారిగా పెరిగితే అక్కడే తప్పు.

నాలుగో కొలత తిరిగొచ్చే దారిది. ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మొన మీద, రెండోది సెల్ఫ్ బాడీ మీద, రంగు గీకి పెట్టండి. సెల్ఫ్ కొడితే 0.3 వోల్టు దాటకూడదు. నా బండికి తర్వాత ఇదే కొలత చేసి చూడాలని పట్టీని కావాలని వదులు చేశాను. 3 వోల్టులు దాటింది. అంటే బ్యాటరీ ఇచ్చినదాంట్లో పావు వంతు ఆ ఒక్క బోల్టే తినేసింది.

మీటరు లేకపోతే పెద్దాయన చేసినట్టే చేయండి. జంపర్ కేబుల్‌తో బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజను బాడీకి కలిపి, తర్వాత సీటు మీద మనిషిని తాళం తిప్పమనండి. సెల్ఫ్ తిరిగితే ఎర్త్ దారిలోనే తప్పు. ఈ నాలుగూ సరిగ్గా ఉండి కూడా సెల్ఫ్ తిరగకపోతే, అప్పుడే సెల్ఫ్ విప్పాలి.

2. తాళం తిప్పితే చప్పుడే లేదు

ముందు హెడ్‌లైట్ వేసి చూడండి. అవీ వెలగకపోతే బ్యాటరీ క్లాంపులు, ఎర్త్ పట్టీ, ఆమ్‌మీటరు వెనక నట్లు చూడాలి. చాలా పాత బండ్లలో సెల్ఫ్ తప్ప మిగతా కరెంటంతా ఆమ్‌మీటరు గుండానే పోతుంది. దాని వెనక నట్టు వదులైతే బండి అంతా చచ్చుబడుతుంది, ఆ నట్టు వేడెక్కి వైరు కూడా కాలుతుంది.

లైట్లు వెలుగుతుంటే సోలినాయిడ్‌కు వచ్చే సన్న వైరు చూడండి. టెస్ట్ ల్యాంపు ఒక క్లిప్పు ఎర్త్‌కు, రెండోది ఆ సన్న వైరు బిగించిన చోటుకు పెట్టి, తాళం స్టార్ట్ వైపు తిప్పమనండి. ల్యాంపు నిండుగా వెలిగితే కరెంటు అక్కడిదాకా వచ్చింది, సోలినాయిడ్ చూడాలి. వెలగకపోతే వెనక్కి రావాలి.

వెనక్కి రావడంలో ఒక ఉపాయం ఉంది. పైపులైను ఎక్కడ పూడుకుందో తెలియనప్పుడు మొదటి నుంచి తవ్వుకుంటూ పోం కదా, మధ్య వాల్వు దగ్గర విప్పి చూస్తాం. ఇక్కడా అంతే. సోలినాయిడ్‌కూ బ్యాటరీకీ మధ్యలో తాళం స్విచ్చు ఉంది. దాని స్టార్ట్ పిన్ను దగ్గర ల్యాంపు పెట్టండి. తాళం తిప్పినప్పుడు అక్కడ వెలిగితే తప్పు ముందుంది: న్యూట్రల్ సేఫ్టీ స్విచ్చు గానీ, దాని వైర్లు గానీ. వెలగకపోతే వెనకుంది: స్విచ్చు గానీ, దానికి వచ్చే సప్లై గానీ. రెండు మూడు చోట్ల పెట్టేసరికి దొరుకుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. న్యూట్రల్ స్విచ్చు పాడైతే రెండు వైర్లూ కలిపేసి నడిపేస్తుంటారు. ఇంకొందరు కింద నిలబడి స్క్రూ డ్రైవరుతో సెల్ఫ్ బోల్టులు రెండూ కలిపి స్టార్ట్ చేస్తారు. బండి గేరులో ఉంటే అందుకున్న మరుక్షణమే ముందుకు దూకుతుంది. సెల్ఫ్ దగ్గర నిలబడ్డ మనిషి సరిగ్గా వెనక చక్రం దారిలో ఉంటాడు. అది డీజిల్ బండి, తాళం తీసినా ఆగదు. ఇలా ప్రాణాలు పోయాయి. ఆ స్విచ్చు చిన్న వస్తువు, కొత్తది వేయించండి.

బండిని రోజూ వాలు చూసి నిలబెట్టి, దొర్లించి స్టార్ట్ చేసుకోవడం కూడా అలాంటిదే. ఒక్కరోజు అవసరానికి చేసింది అలవాటైపోతుంది. ఎప్పుడో ఒకరోజు బ్రేకు జారుతుంది, లేదా పిల్లలు ఎక్కి గేరు కదుపుతారు.

3. బ్యాటరీ ఊరికే దిగిపోతోంది

దీనికి రెండు కారణాలు: నింపడం లేదు, లేదా కారిపోతోంది.

నింపడం చూడాలంటే ఇంజను స్టార్ట్ చేసి రేజు పెంచి బ్యాటరీ మీద కొలవండి. 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. 12.5 దగ్గరే ఉండి మెల్లగా తగ్గుతుంటే ఛార్జింగ్ లేదు. 15 దాటితే ఎక్కువ పోస్తోంది, బ్యాటరీ నీళ్లు త్వరగా ఆవిరైపోతాయి. డైనమో బండి అయితే స్లోలో ఛార్జింగ్ చూపించదు, అది తప్పు కాదు. రేజు పెంచాకే చూడాలి.

ఛార్జింగ్ లేకపోతే మొదట బెల్టు చూడండి. మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే ఒక సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు దిగాలి. తర్వాత వైర్ల జాయింట్లు శుభ్రం చేయండి. లూకాస్ రకం డైనమో మీద రెండు పిన్నులుంటాయి. పెద్దది డి, చిన్నది ఎఫ్. ఆ రెండు వైర్లూ తీసేసి, డి, ఎఫ్ పిన్నులు రెండిటినీ ఒక వైరు ముక్కతో కలపండి. మీటరు ఒక పుల్ల ఆ ముక్కకు, ఇంకోటి డైనమో బాడీకి పెట్టి ఇంజను స్లోలో నుంచి మెల్లగా రేజు పెంచండి. వోల్టేజి ఆగకుండా పెరుగుతూ 15 దాటితే డైనమో బాగుంది. అక్కడితో ఆపెయ్యండి, 20 దాటనివ్వకూడదు. డైనమో బాగుండి ఛార్జింగ్ లేదంటే తప్పు వైర్లలోనో, కటౌట్ డబ్బాలోనో ఉంది. కటౌట్ లోపల స్ప్రింగులు వంచే పని మాత్రం తెలిసినవారికే వదిలేయండి.

ఆల్టర్నేటర్ ఉన్న బండికి రెండు నిషేధాలు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ వైరు తీసి "ఛార్జింగ్ వస్తోందా" అని చూడొద్దు. వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు తీయకుండా చేయించొద్దు. రెండు చోట్లా డయోడ్లు పోతాయి. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఛార్జింగ్ లైటు ఉండి, తాళం వేసినా వెలగకపోతే ముందు ఆ బల్బు మార్చి చూడండి. చాలా రకాల్లో ఆ బల్బు గుండా పోయే కొద్ది కరెంటుతోనే ఆల్టర్నేటర్ పని మొదలుపెడుతుంది.

ఇక కారడం. అన్నీ ఆపి, తాళం తీసి, బ్యాటరీ ఎర్త్ వైరు విప్పండి. ఆ వైరుకూ మొనకూ మధ్య 5 వాట్ల టెస్ట్ ల్యాంపు పెట్టండి. వెలిగితే ఎక్కడో కరెంటు లాగుతోంది. ఒక్కో ఫ్యూజు తీస్తూ పోండి, ఏది తీస్తే ఆరిపోతుందో ఆ దారిలో ఉంది. ఫ్యూజులన్నీ తీసినా వెలుగుతుంటే డైనమో లేదా ఆల్టర్నేటర్ లావు వైరు తీసి చూడండి. కటౌట్ పాయింట్లు అతుక్కుపోతేనో, డయోడు షార్ట్ అయితేనో రాత్రంతా బ్యాటరీ అటే కారుతుంది. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపూ సెల్ఫ్ కొట్టొద్దు.

బ్యాటరీకి బోరు నీళ్లు పోయొద్దు. మన బోర్లలోని ఉప్పులు ప్లేట్లను తినేస్తాయి. డిస్టిల్డ్ వాటరే పోయాలి.

4. ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతోంది, లైట్లు మసకగా ఉన్నాయి

ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టడం, సిగరెట్ పెట్టె వెండి కాగితం పెట్టడం మనకందరికీ తెలిసిన పనే. ఫ్యూజు ఉన్నది వైరు కంటే ముందు తాను కాలిపోవడానికి. దానికి రాగి తీగ పెడితే, కాలే వంతు వైరుకు వస్తుంది. ఆచ్ఛాదన కోసం ఎండుగడ్డి, వరిగడ్డి మోసే బండి మనది. వైరు అంటుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి 110 వాట్లు. 12తో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. 100 వాట్ల బల్బులు వేస్తే దాదాపు 17 ఆంపియర్లు. పాత వైర్లు, పాత స్విచ్చు దానికోసం చేసినవి కావు.

షార్ట్ వెతకడానికి ఫ్యూజులు తగలేయక్కర్లేదు. ఫ్యూజు తీసిన చోట 21 వాట్ల టెస్ట్ ల్యాంపు పెట్టండి. ఆ దారిలోని బల్బులన్నీ తీసేసి స్విచ్చు వేయండి. షార్ట్ ఉంటే ల్యాంపు నిండుగా వెలుగుతుంది, వైరు మాత్రం కాలదు. ఇక తీరిగ్గా ఒక్కో వైరునూ కదపండి, ఒక్కో జాయింటూ విప్పండి. ఎక్కడ ల్యాంపు ఆరిపోతే అక్కడే షార్ట్. రేకు రంధ్రం గుండా పోయిన చోట, సైలెన్సర్ పక్కన, స్టీరింగ్ కింద, మడ్‌గార్డ్ అంచున ముందు చూడండి.

లైటు మసకగా ఉంటే హోల్డరు బాడీ నుంచి బ్యాటరీ ఎర్త్‌కు ఒక వైరు నేరుగా పెట్టి చూడండి. వెలుగు పెరిగితే ఎర్త్ లోపమే. బ్రేకు తొక్కితే ఇండికేటరు కూడా మిణుకుమనడం, ఒకటి వేస్తే ఇంకోటి వెలగడం కూడా ఎర్త్ లోపం గుర్తులే.

ట్రాలీకి ఈ జబ్బు ఎక్కువ. చాలా ట్రాలీలకు ఎర్త్ వైరు ఉండదు, హుక్కు పిన్ను గుండానే తిరుగు దారి. పిన్నుకు గ్రీజు, తుప్పు. గుంతలో ఎగిరినప్పుడల్లా లైటు ఆరిపోతుంది. ఏడు పిన్నుల సాకెట్‌లో ఎర్త్‌కు ఒక పిన్ను కేటాయించి, ట్రాలీ చాసిస్ దాకా ప్రత్యేకంగా వైరు లాగండి.

మన పొలాల్లో అదనంగా చూడాల్సినవి

జీవామృతం డ్రమ్ములు మనం బండి మీదే మోస్తాం. గోమూత్రంలో ఉప్పులుంటాయి, పులిసేకొద్దీ అమ్మోనియా వస్తుంది. రెండూ రాగికి శత్రువులే. చిలికిన జీవామృతం జాయింట్ల మీద పడితే పచ్చని చిలుము పడుతుంది. మోసిన రోజే మామూలు నీళ్లతో కడగండి, డైనమో, సెల్ఫ్ మీదికి మాత్రం జోరుగా నీళ్లు కొట్టొద్దు. డ్రమ్ము బ్యాటరీ ఉన్న వైపు కాకుండా పెట్టుకోండి.

రెండోది ఎలుక. గడ్డివాము పక్కన, గింజల గది ముందు బండి నిలిపితే ఎలుకలు వైర్ల మీది తొడుగు కొరుకుతాయి. వారాల తరబడి నిలిచిన బండిని తీసే ముందు బానెట్ ఎత్తి, ఎలుక గూడు, కొరికిన వైరు ఉందేమో చూసి అప్పుడే తాళం పెట్టండి.

బ్యాటరీ మొనల మీద తెల్లని, పచ్చని పొడి ఉంటే గోరువెచ్చని నీళ్లలో తినే సోడా కలిపి బ్రష్‌తో కడగండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల లోపలికి పోకూడదు. ఆరాక మెరిసేలా రుద్ది, బిగించి, ఆ తర్వాత పైన వ్యాజిలిన్ రాయండి.

వైరు మార్చేటప్పుడు

ఇంటి వైరింగులో వాడే ఒంటి తీగ వైరు బండికి పనికిరాదు. అదురుకు లోపలే విరుగుతుంది, పైకి బాగున్నట్టే కనిపిస్తుంది. సన్న పోగులున్న ఆటో వైరే వాడాలి. పాతదానికంటే సన్నం కాకూడదు. తీగలు మెలిపెట్టి టేపు చుడితే ఒక వానాకాలమే ఉంటుంది. వైరు చివర లగ్గు నొక్కించి బిగించండి. రేకు రంధ్రాల్లో రబ్బరు బుష్ పెట్టండి. ఎర్త్ బిగించే చోట రంగు, తుప్పు పోయి తెల్లని ఇనుము కనపడేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించండి. వైర్లన్నీ ఒకేసారి పీకకండి. ఒకటి తీసి, ఒకటి వేసి, పరీక్షించి తర్వాతిదానికి పోండి.

ఎప్పుడు చేయాలి?

ఈ పనికి వేసవి చివరి వారం మంచిది, తొలివాన కోసం ఎదురుచూసే రోజులు. క్లాంపులు, ఎర్త్ పట్టీ రెండు చివర్లు, సెల్ఫ్ బోల్టులు, ఆమ్‌మీటరు నట్లు, బెల్టు, ఫ్యూజులు. ఆపైన సెల్ఫ్ కొడుతూ నాలుగు కొలతలు. మొత్తం ఒక పూట పని. వచ్చిన అంకెలు బానెట్ లోపలి వైపు తేదీతో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడు అదే కొలతకు అంకె పెరిగి ఉంటే, బండి ఆగకముందే ఏ జాయింటు పాడవుతోందో తెలిసిపోతుంది. మా బండికి ఎర్త్ వైపు కొలత ఈ ఏడాది 0.15 వచ్చింది.

చివరగా, ట్రాలీ వెనక ఎర్ర లైటు. అది వెలగకపోయినా దుక్కి ఆగదు, విత్తనం ఆగదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ చీకటిపడ్డాక రోడ్డు మీద మన ట్రాలీని వెనకొచ్చే మోటార్‌సైకిల్ మనిషికి చూపించేది అదొక్కటే. డబ్బాలో సామాను తీసిన రోజున సెల్ఫ్‌తో పాటు దాన్నీ వెలిగించి చూడండి.